దూరపు కొండలు నునుపు: తప్పు కంటిదా, గాలిదా?

ప్రశ్న (రాపూరు నుంచి): పెంచలకోన దారిలో వెలిగొండలు చూస్తా పెరిగినోణ్ణి. ఎక్కితే చెప్పులు తెగిపోతాయి, అన్నీ గుండ్లూ ముళ్ళతుప్పలే. అదే కొండ పొదలకూరు వైపు నుంచి చూస్తే గోడకు పూత పూసినట్టు ఉంటుంది. సామెతకు అర్థం అడగడంలా. కొండ నిజంగా అట్టా ఎందుకు కనబడుద్ది? కన్ను ఆనకేనా?

జవాబు: కన్ను ఆనకపోవడం సగమే అండీ. మామూలుగా మంచి చూపు కూడా, డిగ్రీలో సుమారు 60వ వంతు కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని విడదీసి చూడలేదు. ఆ లెక్కన 30 కిలోమీటర్ల అవతల 9 మీటర్లలోపు ఎగుడుదిగుళ్ళు విడివిడిగా ఆనవు. అంటే మూడంతస్తుల మేడంత గుండ్లు పక్కపక్కన ఉన్నా కలిసిపోతాయి. ఇక ముళ్ళతుప్పల సంగతి చెప్పేదేముంది!

మిగతా సగం గాలిది. నన్నడిగితే అసలు విశేషం ఇక్కడే ఉంది. మనకూ కొండకూ మధ్య ఉన్న గాలి మీద ఎండ పడి చెదురుతుంది. ఆ చెదిరిన వెలుగు కొండ నుంచి వచ్చే వెలుగులో కలిసి మన కంట్లో పడుతుంది. దాంతో బండకు ఎండ తగిలిన వైపూ, నీడ వైపూ ఇంచుమించు ఒకే రంగుకు వచ్చేస్తాయి. గరుకును కన్ను పట్టేది నీడల వల్లే గదా; నీడ పోతే గరుకూ పోయినట్టే. గాలి అణువులు ఎరుపు కన్నా నీలాన్ని నాలుగు రెట్లకు పైగా చెదరగొడతాయి. 1871లో రేలీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ఆకాశం నీలానికి కట్టిన లెక్క ఇదే. పచ్చటి కొండ దూరానికి నీలంగా కనబడేదీ అందుకే.

మళ్ళీ ప్రశ్న: అయితే దుర్భిణీ పెట్టి చూస్తే సామెత తప్పయిపోద్దా ఏంది?

జవాబు: ఏ నెలలో చూస్తారన్నదాన్ని బట్టి! కార్తీకంలో వాయుగుండం కురిసి వెలిసిన మర్నాడు చూడండి, దుమ్మంతా కడిగేసినట్టయి కొండ మీద చారికలు కూడా తెలుస్తాయి. కొండలు దగ్గరికి జరిగాయా అనిపిస్తుంది. అదే మే నెలలో దుమ్ము రేణువులు అన్ని రంగుల్నీ చెదరగొట్టి తెల్లటి మసక కమ్ముతుంది. దుర్భిణీ కంటి లోపాన్ని తీరుస్తుంది గానీ, మధ్యలో ఉన్న గాలిని ఏం చెయ్యగలదు? మసకనే పెద్దది చేసి చూపిస్తుంది.

ఇంకొకరు (కందుకూరు నుంచి): గాలే లేని చోటో?

జవాబు: చంద్రుడి మీద అదే తిప్పలు పడ్డారు. 1971లో అపోలో 14లో వెళ్ళిన షెపర్డ్, మిచెల్ ఒక పెద్ద గుంట అంచు కోసం గట్టు ఎక్కారు. మసక లేదు, చెట్టూ ఇల్లూ లేవు. ఏది దగ్గరో ఏది దూరమో అంతు చిక్కలేదు. అంచుకు సుమారు 30 మీటర్ల దూరం దాకా పోయి, టైమ్ అయిపోవడంతో గుంట చూడకుండానే వెనక్కి వచ్చేశారు.