గరాజ్ సేల్‌లో దొరికిన బేస్‌బాల్ కార్డులు: విలువ ఉంటుందా?

ఎడిసన్ కొత్తిల్లు:
అందరికీ నమస్తే. మా వీధి చివర ఓ పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ గరాజ్ సేల్ పెట్టాడు. చెప్పుల అట్టపెట్టె నిండా ఆటగాళ్ల బొమ్మలుండే బేస్‌బాల్ కార్డులు, 20 డాలర్లకు తెచ్చాను. మా ఆవిడ "మళ్లీ చెత్త మోసుకొచ్చావా" అంది. చాలావరకు టాప్స్ కంపెనీ 1987లో వేసిన, చెక్క రంగు అంచున్న కార్డులు. 1989లో అప్పర్ డెక్ కంపెనీ వేసిన కెన్ గ్రిఫీ జూనియర్ కార్డు ఒకటి. అడుగున 1952 టాప్స్ మికీ మాంటిల్ కార్డు! అలాంటిదే 2022లో 12.6 మిలియన్ డాలర్లకు పోయిందట. ఒకటే టెన్షన్, నిద్ర లేదు. ఏం చేయాలి?

డాలస్ అట్టపెట్టెలు:
తమ్ముడూ, ముందు ఆ మాంటిల్‌ను 1987 కార్డు మీద పెట్టి చూడు. అసలు 1952 కార్డు పెద్దది, 2⅝ × 3¾ అంగుళాలు. అంచులు బయటికి రావాలి. సరిగ్గా సరిపోతే 1983లో టాప్స్ వాళ్లే మళ్లీ అచ్చేసిన నకలు (రీప్రింట్) అయ్యుండొచ్చు. వెనకవైపు చిన్న అక్షరాలు చదువు.

అసలైతే మూలలు అరిగినా వేలల్లో పలుకుతుంది. మాంటిల్ ఉన్న ఆఖరి విడత కార్డులు సీజన్ ముగిసేవేళకు వచ్చాయి, ఎవరూ కొనలేదు. గోదాంలో మూలుగుతుంటే 1960లో పడవకెత్తించి అట్లాంటిక్‌లో పారబోయించానని టాప్స్ ఉద్యోగి సై బర్గరే చెప్పేవాడు. నువ్వు చెప్పిన 12.6 మిలియన్ల కార్డుకి, ఎంత కొత్తగా ఉందో చూసి ఇచ్చే గ్రేడు పదికి 9.5.

1987వి మాత్రం ఆశ వదులుకో. అప్పట్లో కుప్పలుగా అచ్చేశారు, కొన్నవాళ్లంతా దాచుకున్నారు. మా పాప కాలేజీ ఫీజుకి పనికొస్తాయని నేనూ సీలు తీయని డబ్బాలు మూడు కొన్నా. పాప చదువు అయిపోయి ఉద్యోగం కూడా చేస్తోంది, డబ్బాలు గరాజ్‌లోనే ఉన్నాయి.

గ్రిఫీని గుడ్డతో తుడవకు!

హ్యూస్టన్ పిన్ని:
ఈబేలో అడుగుతున్న ధరలు చూసి మురిసిపోకు నాయనా. "సోల్డ్" అని ఫిల్టర్ పెట్టి చూడు. మావాడు ఓ మామూలు కార్డుకి గ్రేడింగ్ చేయించాడు. అమ్మితే ఆ ఫీజు కూడా రాలేదు.

ఎడిసన్ కొత్తిల్లు:
పెట్టి చూశా అన్నా. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. వెనక "రీప్రింట్" అని కూడా ఉంది. గ్రిఫీకి ఒక పక్క రబ్బరు బ్యాండు నొక్కు, కింది మూల తెల్లబడింది. దాన్ని మావాడి బల్ల మీద పెట్టేశా. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

డాలస్ అట్టపెట్టెలు:
చెప్పకు. నా మూడు డబ్బాల సంగతి మా ఇంట్లో ఇప్పటికీ తెలియదు.