ఫుడ్ కోర్ట్ కౌంటర్‌కి ఆఫ్రికన్ ఫ్యూజన్ మెనూ: ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

కౌంటర్_ఏడు:
ఫుడ్ కోర్ట్‌లో చిన్న కౌంటర్‌కి మెనూ రాస్తున్నాను. ఆఫ్రికా రుచులతో ఆరు ఐటమ్స్ చాలు. చేత్తో పట్టుకుని తినేవో, ఒకే బౌల్‌లో సరిపోయేవో కావాలి. ఉన్న సామాను: ఒక కాంబీ అవెన్ (వేడి గాలి, ఆవిరి రెండూ ఇచ్చేది), రెండడుగుల ఫ్లాట్ పెనం, ఒకే ఒక్క ఫ్రయర్, నాలుగు గిన్నెల బెయిన్ మేరీ (వండినవాటిని వేడినీళ్ల మీద వేడిగా ఉంచేది). రష్‌లో కౌంటర్ వెనక ఇద్దరే ఉంటారు. ఆర్డర్ పడ్డాక నాలుగు నిమిషాల్లో ప్లేటు చేతికందాలి.

ఇప్పటికి అనుకున్నవి: జొలోఫ్ రైస్ బౌల్ (పశ్చిమాఫ్రికా టమాటా అన్నం), సుయా చికెన్ టాకో (సుయా అంటే వేరుశనగ మసాలాతో కాల్చే నైజీరియా మాంసం), ఇంజెరా రోల్ (ఇథియోపియా పులిసిన పిండి అట్టు), ప్లాంటెయిన్ ఫ్రై (కూర అరటి జాతి పండు), ఫుఫు–ఎగుసి బౌల్ (దుంపల ముద్ద, పుచ్చ జాతి గింజల సూప్), పెరి పెరి ఫ్రైస్ (ఘాటు మిరప మసాలాతో).

ట్రయల్‌లో తేలిన ఇబ్బందులు: జొలోఫ్ పెద్ద గిన్నెలో వండితే అడుగు మాడుతోంది, పైన పలుకు మిగులుతోంది. సుయా మసాలా పెనం మీద చేదెక్కుతోంది. వేరుశనగ అలర్జీ ఉన్నవాళ్లకి ఏం చెప్పాలో కూడా తేల్చుకోలేదు. తెలిసినవాళ్లు కాస్త కొలతలతో చెప్పండి.

బ్యాచ్_వంట:
ముందు ఫుఫు కొట్టేయండి. రుచిలో వంక లేదు, కౌంటర్‌కే కుదరదు. చల్లారితే బిగుసుకుపోతుంది, బెయిన్ మేరీలో పెడితే పైన పొర కడుతుంది. చేత్తో తుంచి సూప్‌లో ముంచి తినాల్సిన వంటకం అది. పక్కన చేతులు కడుక్కునే చోటు లేకుండా అమ్మితే కస్టమర్ ఫోర్క్‌తో పొడుస్తాడు, ఇక దాని మీద మోజు అక్కడితో సరి. ఎగుసి కావాలంటే జొలోఫ్ పక్కన చిన్న కప్పులో ఇవ్వండి.

ఇక జొలోఫ్. గిన్నెలో, స్టవ్ మీద వద్దు. ఫుల్ సైజు ట్రే, 65 మిల్లీమీటర్ల లోతుది తీసుకుని అవెన్‌లో పెట్టండి. ఒక ట్రేకి లెక్క ఇది:

ఎర్ర క్యాప్సికమ్ 700 గ్రాములు, టమాటా 800, ఉల్లి 500, స్కాచ్ బానెట్ మిరపకాయలు రెండు మూడు కలిపి రుబ్బి, నీరు ఇగిరి సుమారు 1.3 కిలోలకి దిగేదాకా ఉడికించండి. వేరే గిన్నెలో 200 మిల్లీలీటర్ల నూనె, సన్నగా తరిగిన ఉల్లిపాయ ఒకటి, 200 గ్రాముల టమాటా పేస్ట్. ఈ పేస్ట్‌ని ఎనిమిది పది నిమిషాలు కదుపుతూ వేయించాలి. ఎరుపు ముదిరి ఇటుక రంగు దాటాలి, నూనె అంచుల్లో తేలాలి. చాలామంది జొలోఫ్ పుల్లగా, పచ్చి వాసనతో ఉండేది ఇక్కడ తొందరపడడం వల్లే. తర్వాత ఎంత చక్కెర వేసినా ఆ పచ్చిదనం పోదు. ఇందులో ఇగిరిన గుజ్జు, రెండు చెంచాల కరీ పౌడర్, ఒక చెంచా ఎండు థైమ్, నాలుగు బే ఆకులు, 35 గ్రాముల ఉప్పు వేసి, నూనె మళ్లీ తేలేదాకా మగ్గనివ్వండి.

బియ్యం 2 కిలోలు. పొడుగు గింజ పార్‌బాయిల్డ్ (ఉప్పుడు బియ్యం) అయితేనే ఇంత సాస్‌లోనూ విడివిడిగా ఉంటుంది. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, సాస్‌తో కలిపి, మరుగుతున్న స్టాక్ 2 లీటర్లు పోయండి. స్టాక్ చల్లగా ఉంటే ట్రే మధ్యలో బియ్యం వెనకబడుతుంది, పైన పలుకు మిగలడానికి ఒక కారణం అదే. ఫాయిల్‌తో గాలి దూరకుండా బిగించి 180 డిగ్రీల్లో 35 నిమిషాలు ఉంచండి. తీసి, అడుగు నుంచి ఒక్కసారి తిరగేసి, మళ్లీ మూసి పది నిమిషాలు వదిలేయండి. 250 గ్రాముల చొప్పున ఇరవై బౌల్స్ వస్తాయి. స్టాక్ పెంచకండి. గుజ్జులో ఉన్న నీళ్లు లెక్కలోకి తీసుకోకపోతే ముద్దవుతుంది.

అవెన్ పద్ధతిలో పోయేది ఒక్కటే, అడుగంటిన పొగ వాసన. నైజీరియాలో పార్టీ జొలోఫ్‌కి ప్రాణం అదే. క్యాప్సికమ్‌ని మంట మీద తొక్క నల్లబడేదాకా కాల్చి రుబ్బితే చాలావరకు దొరుకుతుంది. ఘనా పద్ధతా, నైజీరియా పద్ధతా అని బోర్డు మీద రాయకండి, తగువు కౌంటర్ దగ్గరికే వస్తుంది. అసలు ఆ పేరు సెనెగాంబియా ప్రాంతపు వొలోఫ్ వాళ్లది.

60 డిగ్రీల పైన వేడిగా ఉంచండి. మిగిలిన అన్నాన్ని పల్చగా ట్రేల్లో పరిచి, రెండు గంటల్లో 21 డిగ్రీలకి, ఆపై నాలుగు గంటల్లో 5 డిగ్రీలకి దింపి ఫ్రిజ్‌లో పెట్టండి. గది వేడిలో వదిలేసిన అన్నంలో బాసిలస్ సెరియస్ అనే బ్యాక్టీరియా విషం కడుతుంది, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. సరిగ్గా చల్లార్చినదాన్ని మర్నాడు చీజ్ ఉండలు చేయొచ్చు. పార్‌బాయిల్డ్ అన్నంలో జిగురు తక్కువ కాబట్టి ఉండ విడిపోతుంది. అర కిలో అన్నానికి మూడో వంతు మిక్సీలో కొద్దిగా తిప్పి కలిపి, ఒక గుడ్డు, 40 గ్రాముల చీజ్ వేస్తే పట్టు వస్తుంది.

వీధి_తిండి:
జొలోఫ్ విషయంలో పైవారి మాటే నాదీ. కానీ టాకో ఎందుకండీ? ప్రతి మసాలానీ తీసుకెళ్లి టాకోలో కుక్కితే ఫ్యూజన్ అనిపించుకోదు. ఆఫ్రికాలో పుట్టుకతోనే ఫ్యూజన్ అయిన వీధి తిండి కావలసినంత ఉంది, పైగా అది మీ పెనం కోసమే తయారైనట్టుంటుంది.

ఉగాండా రోలెక్స్ చూడండి. రెండు గుడ్లు, సన్నగా తరిగిన క్యాబేజీ 30 గ్రాములు, ఉల్లి 15, పచ్చిమిర్చి, ఉప్పు గిలక్కొట్టి, చపాతీ అంత వెడల్పున పెనం మీద పోయాలి. పైభాగం సగం గట్టిపడగానే చపాతీ వేసి నొక్కి, అర నిమిషం ఆగి తిరగేయాలి. అప్పుడు టమాటా చక్రాలు పరిచి చుట్టి, కాగితంలో పెట్టి ఇచ్చేయడమే. మూడు నిమిషాలు కూడా పట్టదు. టమాటాని గుడ్డులో మాత్రం కలపకండి, నీరొదిలి అట్టు చిరుగుతుంది. దీనికి మీ సుయా చికెన్ 50 గ్రాములు జోడిస్తే టాకో అవసరమే లేదు.

దక్షిణాఫ్రికా డర్బన్‌లో భారతీయ సంతతివాళ్ల బన్నీ చౌ ఇంకొకటి. కోయని బ్రెడ్‌ని గుల్ల చేసి కూర నింపుతారు. ఫుడ్ కోర్ట్‌కి గుండ్రటి బన్ను చాలు. గోడ ఒకటిన్నర సెంటీమీటర్ల మందం ఉంచి, లోపలి వైపు అవెన్‌లో రెండు నిమిషాలు ఆరబెట్టండి. కూర చిక్కదనం బంగాళాదుంప చిదిమితే వచ్చేదై ఉండాలి, కార్న్‌ఫ్లోర్‌ది కాదు. గరిట వంచితే జారకుండా ముద్దగా పడాలి. పల్చనైతే కస్టమర్ టేబుల్ చేరేలోపే అడుగు ఊడిపోతుంది.

మాంసం తిననివాళ్లకి ఈజిప్టు కోషరీ. అన్నం, పప్పు, మాకరోనీ, శనగలు, టమాటా సాస్ అన్నీ బెయిన్ మేరీలోవే, ఒక్క నిమిషంలో బౌల్ నిండుతుంది. పైన వేసే వేయించిన ఉల్లిని ఆవిరి తగలని చోట, మూత లేకుండా ఉంచండి. వెల్లుల్లి–వెనిగర్ నీళ్లు పక్కన సీసాలో పెట్టండి, అవి లేని కోషరీ చప్పగా ఉంటుంది.

మసాలా_డబ్బా:
సుయా చేదుకి కారణం వేరుశనగ. ఉత్తర నైజీరియా హౌసా వాళ్ల యాజీ మసాలాకి ఆధారం కులి కులి, అంటే నూనె పిండేసిన వేరుశనగ చెక్క. నిప్పుల పక్కన కాస్త ఎడంగా పుల్లలు గుచ్చి కాలిస్తే ఆ పొడి వేగుతుంది. 220 డిగ్రీల ఇనప పెనానికి నేరుగా తగిలితే మాంసం ఉడికేలోపే మాడుతుంది. అందుకని మసాలాని రెండుగా విడదీయండి.

పట్టించడానికి, కిలో ఎముకలేని తొడ చికెన్‌కి (అర సెంటీమీటర్ ముక్కలు, రొమ్ము మాంసమైతే ఎండిపోతుంది): అల్లం పొడి 10 గ్రాములు, కారం 10, పాప్రికా 10, ఉల్లి పొడి 8, వెల్లుల్లి పొడి 8, ఉప్పు 14, నూనె 40 మిల్లీలీటర్లు. ఇందులో వేరుశనగ ఉండదు. గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి కాల్చండి. లోపల 74 డిగ్రీలు రావాలి.

దించగానే చల్లడానికి: వేరుశనగ పొడి 250 గ్రాములు, అల్లం పొడి 25, కారం 20, ఉప్పు 10. కులి కులి దొరక్కపోతే నూనె తీసిన వేరుశనగ పిండి వాడండి. మామూలు పల్లీలు మిక్సీలో ఏకబిగిన తిప్పితే వెన్నలా ముద్దకడతాయి. వేయించి పూర్తిగా చల్లారాక, ఆపి ఆపి తిప్పి, కాగితంలో నొక్కి నూనె లాగేయాలి. ఒక పోర్షన్‌కి ఒక చెంచా. మాంసం వేడిగా, తడిగా ఉన్నప్పుడే పట్టుకుంటుంది, ఆలస్యమైతే రాలిపోతుంది. పక్కన పచ్చి ఉల్లి, టమాటా తప్పనిసరి, ఆ ఘాటుకి అదే విరుగుడు.

పొడి చివర్లో చల్లుతున్నాం కదా, అలర్జీ ఉన్నవాళ్లకి చల్లకుండా ఇస్తే చాలని మాత్రం అనుకోవద్దు. ఆ పొడి గాల్లో లేస్తుంది, పటకారుకి అంటుతుంది, పెనం మీద పడుతుంది. చిన్న కౌంటర్‌లో దాన్ని వేరుగా ఉంచడం అయ్యే పని కాదు. రెండే దారులు: ‘ఇక్కడ అన్నిటికీ వేరుశనగ తగిలే అవకాశం ఉంది’ అని బోర్డు మీద పెద్దక్షరాలతో రాయడం, లేదా కౌంటర్‌లోకి వేరుశనగే రాకుండా వేయించిన గుమ్మడి గింజల పొడి వాడడం. రెండోదైతే సుయా అనకండి, ‘సుయా తరహా’ అనండి. నైజీరియా కస్టమర్ మొదటి ముక్కకే పట్టేస్తాడు.

కౌంటర్_ఏడు:
అందరికీ థ్యాంక్స్. ఫుఫు, టాకో తీసేశాను. వేరుశనగ ఉంటుంది, బోర్డు పెడతాను. ఇంజెరా రోల్ గురించి ఎవరూ అనలేదు. ముందురోజు చేసి ఉంచొచ్చా? ప్లాంటెయిన్ ఎంత పండినది తీసుకోవాలి?

పులిసిన_పిండి:
ఇంజెరా చేసుకోవచ్చు, కానీ ఆ పనికి ఒక మనిషి, ఒక పొద్దు ప్రత్యేకంగా కావాలి. రష్ మధ్యలో చేసేది కాదు.

టెఫ్ (గ్లూటెన్ లేని ఇథియోపియా చిరుధాన్యం) పిండి కిలోకి 1.6 లీటర్ల నీళ్లు, ముందుసారి పులిసిన పిండి ఒక గరిటె. 25 డిగ్రీల చుట్టూ ఉంటే రెండు మూడు రోజులు పులియనివ్వండి. పైన తేలిన నల్లటి నీరు వంచేయండి. ఆ పిండిలోంచి ఒక కప్పు తీసి మూడు కప్పుల నీళ్లలో గంజిలా ఉడికించి, గోరువెచ్చగా చల్లారాక తిరిగి కలపాలి. దీన్ని అబ్సిట్ అంటారు, మానేస్తే ఇంజెరా మీద కళ్లు (చిన్న రంధ్రాలు) సరిగ్గా విచ్చుకోవు. బుడగలు లేచేదాకా గంటా రెండు గంటలు ఆగి, 200 డిగ్రీలు దాటిన పెనం మీద బయటి నుంచి లోపలికి చుట్లుగా పోయండి. కళ్లు తెరుచుకోగానే మూత పెట్టండి. అంచులు లేచాయంటే అయినట్టే. తిరగేయకూడదు. ఒక్కొక్కటీ బట్ట మీద ఆరాకే దొంతర పెట్టండి, వేడిమీద పేరిస్తే అతుక్కుని విడదీయలేరు.

రోల్‌కి 25 సెంటీమీటర్ల సైజు, లోపల బెర్బెరె (ఇథియోపియా కారం మసాలా) వేసిన మసూర్ పప్పు కూర మిసిర్ వొట్ 80 గ్రాములు, అది గట్టిగా ఉండాలి. ముందే చుట్టి పెట్టొద్దు. ఇంజెరా స్పాంజి కదా, పది నిమిషాల్లో పులుసు పీల్చుకుని చిరుగుతుంది. ముందురోజువి వాడొచ్చు, తడి బట్ట కప్పి మైక్రోవేవ్‌లో పదిహేను సెకన్లు పెట్టాలి. పెనం మీద వేడి చేస్తే అట్టలా బిగుస్తుంది. పిండిలో గోధుమ కలిపితే ‘గ్లూటెన్ లేదు’ అని రాసే హక్కు పోతుంది. చాలా చోట్ల కలుపుతారు కూడా, కాబట్టి కొనే పిండి సంచి మీద ఏముందో చదవండి.

బ్యాచ్_వంట:
ప్లాంటెయిన్ తొక్క పసుపు మీద సగం నల్లబడి, నొక్కితే కొద్దిగా లొంగాలి. పచ్చిదైతే తీపి రాదు, పూర్తిగా నల్లనిదైతే నూనె తాగి ముద్దవుతుంది. ఘనా కెలెవెలె పద్ధతిలో రెండు సెంటీమీటర్ల ముక్కలు కోసి, కిలోకి తురిమిన అల్లం 30 గ్రాములు పిండిన రసం, కారం 5, లవంగం పొడి 1 గ్రాము. అల్లం పిప్పి వేయొద్దు, ఫ్రయర్‌లో మాడి నూనెని నల్లబరుస్తుంది. ఉప్పు సరిగ్గా ఫ్రయర్‌లో వేయబోయేటప్పుడే కలపండి, చాలాసేపు ముందే కలిపితే నీరూరుతుంది. 175 డిగ్రీల్లో నాలుగు నిమిషాలు, బుట్ట సగానికి మించి నింపకుండా. పెరి పెరి ఫ్రైస్ కూడా అదే ఫ్రయర్ అడుగుతాయి. రెండింట్లో ఒకటి ఉంచుకోమంటే నేను ప్లాంటెయిన్ వైపే, ఫ్రైస్ పక్క కౌంటర్లో ఎలాగూ దొరుకుతాయి.