స్లో స్పీడ్‌లో అడ్వాన్స్: వాక్యూమ్ పైపు మానిఫోల్డ్‌కా, కార్బ్యురేటర్‌కా?

భీమవరం కాంటెస్సా:
నమస్కారమండి. నాది 1.8 ఇసుజు ఇంజన్ కాంటెస్సా. ఓవర్‌ల్యాప్ (ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒకేసారి తెరిచి ఉండే సమయం) ఎక్కువున్న క్యామ్ వేయించాను. హైవే మీద తిరుగు లేదు. కాలవ గట్టు మీద ధాన్యం ట్రాక్టర్ వెనక సెకండ్ గేర్‌లో పోవాల్సి వస్తే మాత్రం జర్కులే జర్కులు. రైల్వే గేటు దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతుంది. ఇక్కడి మెకానిక్ స్పార్క్ టైమింగ్ మార్చే డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ పైపుని ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి పెట్టాడు. రాజమండ్రిలో ఇంకొకాయన "ఎవరండీ ఇలా పెట్టింది" అని కార్బ్యురేటర్ పోర్టుకి మార్చేశాడు. ఎవరిది కరెక్టు?

రావులపాలెం షెడ్డు:
మానిఫోల్డే. స్లో స్పీడ్‌లో, అంటే పెడల్ వదిలేసి ఇంజన్ ఆడుతున్నప్పుడు, థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది. లోపలికొచ్చే మిక్స్చరే తక్కువ, అందులో కాలిపోయిన పొగ కూడా కలిసి ఉంటుంది. మీ క్యామ్‌తో ఆ పొగ ఇంకా ఎక్కువ. అది మెల్లగా కాలుతుంది కాబట్టి స్పార్క్ ముందే పడాలి, అదే అడ్వాన్స్. పోర్టు థ్రాటిల్ ప్లేటుకి పైన ఉంటుంది, స్లో స్పీడ్‌లో అక్కడ వాక్యూమ్ రాదు, అడ్వాన్సూ రాదు. అప్పుడు ఆర్పీఎం నిలబెట్టడానికి స్క్రూ తిప్పి ప్లేటు తెరుస్తారు. ఎగ్జాస్ట్ కాలిపోతుంది, టెంపరేచర్ పెరుగుతుంది, తాళం తీసినా ఇంజన్ కాసేపు కొట్టుకుంటుంది. మిక్స్చర్ స్క్రూ మెల్లగా పూర్తిగా బిగించి చూడండి. అప్పటికీ ఇంజన్ ఆగకపోతే ప్లేటు ఎక్కువ తెరిచినట్టే.
నాకింగ్ వస్తుందని భయపడక్కర్లేదు. పెడల్ పూర్తిగా తొక్కితే వాక్యూమ్ పోతుంది, ఆ అదనపు అడ్వాన్సూ పోతుంది. అయినా చించినాడ వంతెన ఎక్కడం తప్ప మన దగ్గర ఇంజన్‌కి ఎత్తెక్కడుందండీ? రోజంతా సగం పెడల్ మీదే బండి నడిచేది.

తణుకు పాతబండి:
షెడ్డు గారూ, మామూలు క్యామ్‌కి మీ మాటే చెల్లుతుంది. ఈయన క్యామ్‌కి స్లో స్పీడ్‌లో వాక్యూమ్ తక్కువ, పైగా ఊగుతుంది. డిస్ట్రిబ్యూటర్ మీది వాక్యూమ్ క్యానిస్టర్‌లో ఉండే డయాఫ్రమ్ సగం లాగి సగం వదులుతుంది. ఆర్పీఎం తగ్గితే వాక్యూమ్ తగ్గుతుంది, దాంతో అడ్వాన్సు తగ్గుతుంది, ఆర్పీఎం ఇంకా పడుతుంది. ఏసీ వేస్తే బండి ఆగిపోతుంది. పోర్టుకే ఉంచి, డిస్ట్రిబ్యూటర్ తిప్పి బేస్ టైమింగే (వాక్యూమ్ పైపు లేకుండా స్లో స్పీడ్‌లో ఉండే అడ్వాన్స్) పెంచండి. ఆర్పీఎంతో పెరిగే లోపలి బరువుల అడ్వాన్సుకి స్టాప్ పెట్టి మొత్తం హద్దు దాటకుండా చూడండి.

రావులపాలెం షెడ్డు:
బేస్ మరీ పెంచితే ఎండాకాలం వేడి మీద సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజన్ వెనక్కి తంతుంది, అది కూడా చెప్పండి.

అమలాపురం ఇంజెక్షన్:
నాకు కార్బ్యురేటర్ బళ్ల అనుభవం తక్కువండి, ఒక్క మాట. ఇంజెక్షన్ బండిలో ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) స్లో స్పీడ్‌లో కావాలనే కొంత అడ్వాన్స్ దాచుకుంటుంది. ఏసీ ఆన్ కాగానే ఆర్పీఎం పడబోతే ఆ దాచిన డిగ్రీలు వెంటనే వాడుతుంది. గాలి పెంచడానికి టైమ్ పడుతుంది, స్పార్క్‌కి పట్టదు. కాబట్టి ఎంత అడ్వాన్స్ ఇస్తే అంత స్మూత్ అనేం లేదు. ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌తో కార్బ్యురేటర్ మిక్స్చర్ లీన్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) అవుతుంది. పెట్రోల్ కొలిచి వదిలే జెట్లు చూడకుండా టైమింగ్ ఒక్కటే తిప్పుతూ కూర్చుంటే లాభం లేదు.

భీమవరం కాంటెస్సా:
గేజ్ పెట్టించానండి. స్లో స్పీడ్‌లో వాక్యూమ్ ముల్లు 11 అంగుళాలకీ 13కీ మధ్య ఊగుతోంది. చేతి పంపుతో చూస్తే క్యానిస్టర్ పూర్తిగా లాగడానికి 15 అంగుళాలు కావాలి.

తణుకు పాతబండి:
ఆయ్, అదే నేను చెప్పేది.

రావులపాలెం షెడ్డు:
అది క్యానిస్టర్ తప్పండీ, మానిఫోల్డ్‌ది కాదు. 9 అంగుళాలకే పూర్తిగా లాగేది వేస్తే ముల్లు ఊగినా అడ్వాన్స్ కదలదు.

తణుకు పాతబండి:
కాంటెస్సాకి అలాంటిది ఏ షాపులో ఇస్తారో మీరే చెప్పాలి. దొరికేదాకా, భీమవరం గారూ, పైపు తీసి మూతపెట్టి బేస్ 14 డిగ్రీలు పెట్టండి. 3,500 ఆర్పీఎం దగ్గర టైమింగ్ లైట్‌తో చూసి, 34 డిగ్రీలు దాటితే స్టాప్ పెట్టించండి. తరవాత పైపు పోర్టుకి పెట్టి, కాలవ గట్టు మీద సెకండ్‌లో నడిపి చెప్పండి.

రావులపాలెం షెడ్డు:
జెట్లు చూపించాకే.