ఆఫీసు చందాల జాబితాలో పేరు పక్కన మొత్తం రాయాలా?

ప్రశ్న: గచ్చిబౌలి ఉద్యోగి

తలసేమియా అనే రక్తవ్యాధి ఉన్న పిల్లల మందుల కోసం మా కార్యాలయంలో ఏటా సహోద్యోగులమే చందాలు పోగుచేస్తాం. ఈసారి ఎవరెంత ఇచ్చారో రాసిన కాగితాన్ని క్యాంటీన్ గోడకు అంటించారు. నిరుటికన్నా ఎక్కువే వసూలైంది. అయితే ఆ జాబితాలో అందరికన్నా అడుగున, 50 రూపాయలు ఇచ్చిన హౌస్‌కీపింగ్ ఆమె పేరుంది. రోజూ ఆ గోడ పక్కనే బల్లలు తుడిచే మనిషి, మర్నాడే సూపర్‌వైజరును అడిగి పై అంతస్తుకు డ్యూటీ మార్పించుకున్నారు. మొత్తాలు అలా బయటపెట్టడం సబబేనా?

జవాబు: వసూలు బృందంలో ఒకరు

ఆ కాగితం అంటించినవారిలో నేనూ ఉన్నాను కాబట్టి దాపరికం లేకుండా చెబుతాను. ఊళ్లో గుడి కట్టినా, బడికి గది వేసినా దాతల పేర్లూ మొత్తాలూ పాలరాతి మీద చెక్కిస్తాం, వినాయక చవితి పందిట్లో మైకులో చదివిస్తాం, ఎవరూ తప్పుపట్టరు. రెండేళ్ల క్రితం జాబితా పెట్టనందుకు డబ్బు మిగుల్చుకున్నామన్న గుసగుసలు కూడా విన్నాం. పైగా ఇది ఒక్కసారితో తీరే అవసరం కాదు. తీవ్రమైన తలసేమియా ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, దానివల్ల ఒంట్లో పేరుకునే ఇనుమును బయటికి పంపే మందులు మానకుండా వాడాలి. చందా తగ్గితే ఆ మందులకే కోత పడుతుంది. కొందరి మొహమాటం కోసం అంత నష్టం భరించాలా?

జవాబు: ఉప్పల్ నుంచి, అకౌంట్స్ విభాగంలో పనిచేసినవాడు

పై మిత్రులు లెక్క చూపడాన్నీ, ఇచ్చినవారిని వరుసలో నిలబెట్టడాన్నీ ఒకటే అనుకుంటున్నారు. ఎంత వచ్చింది, ఎవరికి ఎప్పుడు చెల్లించారు, దానికి రసీదు ఏది అన్న మూడింటితో లెక్క పూర్తవుతుంది; ఎవరి వాటా ఎంతన్నది అందులోకి రానే రాదు. పందిరి పోలిక కూడా నిలవదు. అక్కడ మైకులో పేర్లు చదివే ఆయన మన పనితీరు మీద అప్రైజల్ రాయడు. ఆఫీసులో జాబితా పట్టుకొని బల్ల దగ్గరికి వచ్చేది టీమ్ లీడ్ అయినప్పుడు, పైన మేనేజరు పేరుతో 5,000 కనబడుతున్నప్పుడు, కింద కొత్తగా చేరిన కుర్రాడు రాసే 1,000 ఇష్టపడి ఇచ్చిందో భయపడి ఇచ్చిందో ఎవరు చెప్పగలరు?

అసలు గుసగుసలకు మూలం వేరే ఉంది. అందరూ ఒకరి యూపీఐకి పంపి, ఆయన ఖాతా నుంచి ఆ పిల్లలకు మందులిచ్చే సంస్థకు కడితే రసీదు ఆయన పేరిటే వస్తుంది, విరాళాలకు ఆదాయపు పన్నులో ఇచ్చే 80జీ మినహాయింపూ ఆయనకే దక్కుతుంది. అలాకాక ఎవరికి వారు తమ పాన్ నంబరు ఇచ్చి నేరుగా సంస్థ ఖాతాకే పంపితే, మన కార్యాలయం తరఫున మొత్తం ఎంత చేరిందో ఆ సంస్థే రాసివ్వగలదు. నగదు 2,000 దాటితే మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి ఎలా ఇచ్చినా రాదు. రిటర్న్ వేసేటప్పుడు రసీదు పట్టుకొని ఈ సంగతి తెలుసుకున్నవారిని ఎందరినో చూశాను.

జవాబు: వసూలు బృందంలో ఒకరు

నేరుగా పంపే పద్ధతికి ఒప్పుకుంటాను. కానీ నేరుగా పంపండి అంటే సగంమంది రేపు చూద్దాం అంటారు, ఆ రేపు రాదు. కాగితం తీసేశాక వచ్చే ఏడు పడే లోటు ఎవరు పూడుస్తారో కూడా చెప్పండి.

జవాబు: ఉప్పల్ నుంచి

యాజమాన్యాన్ని అడగండి. ఉద్యోగులు ఇచ్చినంత మొత్తాన్ని కంపెనీ కూడా కలపడం చాలాచోట్ల ఉన్నదే. అప్పటికీ తగ్గితే తగ్గనివ్వండి. బెదిరి ఇచ్చిన డబ్బును నేను చందా అనను.

జవాబు: గచ్చిబౌలి ఉద్యోగి

కాగితం నిన్న తీసేశాం. వసూలైన మొత్తం, సంస్థ ఇచ్చిన రసీదు మాత్రమే పెట్టాం. వచ్చే నెల రక్తదాన శిబిరం కూడా పెడదామనుకుంటున్నాం. మొన్నటి జాబితాలో అడుగున ఉన్న ఆమె నిన్న లిఫ్టు దగ్గర ఆగి, శిబిరానికి తామూ రావచ్చా, బరువు ఎంత ఉండాలి అని అడిగారు. 45 కిలోలకు తగ్గకూడదని చెప్పాను. ఆ శిబిరంలో పేర్లు కూడా గోడకెక్కించవద్దని మా బృందానికి చెప్పి ఉంచాను.