ముసలి పిల్లికి మూత్రపిండాల జబ్బు: ఇంట్లో సెలైన్ ఎక్కించే విషయమై సలహా కావాలి

మేము విశాఖపట్నం సీతమ్మధారలో ఉంటున్నాము. మా పిల్లికి 16 ఏళ్లు. కొంతకాలంగా అది మాటిమాటికీ నీళ్లు తాగుతూ, ఎక్కువగా మూత్రం పోస్తూ, వెన్నెముక చేతికి తగిలేంతగా చిక్కిపోవడంతో రక్తపరీక్ష చేయించగా, మూత్రపిండాలు వడకట్టి బయటికి పంపవలసిన క్రియాటినిన్ అనే వ్యర్థపదార్థం పెరిగిందని, మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని, జబ్బు పూర్తిగా నయం కాకపోయినా దాని వేగాన్ని తగ్గించవచ్చునని పశువైద్యులు చెప్పారు. ఫాస్ఫరస్ తక్కువగా ఉండే ప్రత్యేక ఆహారం పెట్టమన్నారు. అయితే చిన్నప్పటి నుంచీ ఉడికించిన కానాగంత చేపలకు అలవాటుపడిన ఆ ప్రాణి కొత్త ఆహారాన్ని వాసన చూసి వదిలేస్తోంది. పిల్లులు కొద్ది రోజులు తినకపోయినా కాలేయానికి ముప్పు కనుక, పస్తు పెట్టి అలవాటు చేయడం నాకు సమ్మతం కాదు.

చర్మం కింద సెలైన్ ఎక్కించడం నేర్చుకోమని కూడా వారు సూచించారు. ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళుతుంటే అది దారి పొడవునా వణికిపోతుంది కాబట్టి నాకూ అదే మేలనిపిస్తోంది. ఇంట్లో ఈ పని చేస్తున్నవారు పిల్లిని కదలకుండా ఎలా పట్టుకుంటున్నారో, కొత్త ఆహారాన్ని చేపతో ఏ పాళ్లలో కలిపి మొదలుపెట్టారో దయచేసి తెలియజేయగలరు. నగరంలో ఇంటికి వచ్చి చూసే పశువైద్యులు ఉన్నారా? నొప్పిని దాచుకునే స్వభావం గల పిల్లి నిజంగా బాధపడుతోందని మీరు ఏ గుర్తులను బట్టి గ్రహించారో కూడా రాయండి.