స్టర్ట్‌లో కరకట్టకు గండి కొట్టడం సబబేనా?

ఉప్పుగాలి:
ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్‌లో, ప్యారెట్ నది బ్రిస్టల్ ఛానల్‌లో కలిసే మొగ దగ్గర స్టర్ట్ అనే బుల్లి ఊరుంది. కాసిని ఇళ్ళు, ఊళ్ళోకి ఒకటే రోడ్డు. 2014 సెప్టెంబరులో అక్కడి పాత కరకట్టకు ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ తనే మిషన్లు పెట్టి గండి కొట్టింది. ఆ ఏజెన్సీ సర్కారుదే. పొలాల మీదికి పోటు నీళ్ళు వదిలేశారు. మొత్తం పథకానికి దాదాపు 2 కోట్ల పౌండ్లు అయింది. 400 హెక్టార్లకు పైగా నేల ఇప్పుడు చిత్తడి, బురద, పక్షులు. మన దగ్గర కట్ట తెగితే ఊరంతా గగ్గోలు పెడుతుంది, అక్కడ కావాలనే తెంపారు. ఇది ముందుచూపా, పిట్టల పేరు చెప్పి పంట భూమిని నీళ్ళపాలు చేయడమా? తిట్టుకోకుండా చెప్పండి.

దివిసీమవాసి:
ముమ్మాటికీ తప్పే. ఉప్పునీరు ఎక్కిన చేను దారికి రావాలంటే ఎంత కష్టమో 1977 ఉప్పెన చూసిన మా వాళ్ళని అడగండి. తరాల తరబడి కట్ట పోసి, మురుగు కాలువలు తవ్వి కాపాడుకున్న నేలది.

టైమింగ్ చూడండి ఇంకా. 2013-14 చలికాలంలో ఆ పక్కనే సోమర్‌సెట్ లెవెల్స్ అనే పల్లపు మైదానంలో సుమారు 600 ఇళ్ళు మునిగాయి. మచల్నీ ఊరు వారాల పాటు దీవిలా మిగిలింది, పడవలో వెళ్ళి సరుకులు తెచ్చుకున్నారు. నదిలో పూడిక తీయండి మొర్రో అని జనం ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు, వినలేదు. అదే నది చివర బురద తయారు చేయడానికి మాత్రం 2 కోట్ల పౌండ్లు దొరికాయి.

కట్టపని:
బ్రిస్టల్‌లో వరద పనుల్లోనే ఉంటాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

మొదటి విషయం, ఊరిని వదిలేయలేదు. గండి కొట్టక ముందే లోపలివైపు కొత్త కట్టలు పోశారు. ఊళ్ళోకి వెళ్ళే ఒక్క రోడ్డు, కరెంటు లైన్లు, ఇళ్ళు అన్నీ కొత్త కట్టల వెనకే ఉన్నాయి. మట్టి కూడా అక్కడే తవ్వారు. ఆ తవ్విన చోట్లే ఇప్పుడు పోటు నీరు పారే పాయలు. పాత కట్ట నేరుగా నీళ్ళకు ఎదురు నిలిచేది. ఇప్పుడు అల ముందు చిత్తడి మీద, గడ్డి మీద పడి, జోరు తగ్గి గానీ కొత్త కట్ట దాకా రాదు.

రెండోది అసలు కారణం. బ్రిస్టల్ ఛానల్, సెవర్న్ నదీముఖం ఆటుపోట్లు ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో లెక్క. ఏవన్‌మత్ దగ్గర పోటుకీ పాటుకీ మధ్య నీటిమట్టం తేడా 14 మీటర్ల దాకా వెళ్తుంది. సముద్రం పెరుగుతోంది, వెనక గోడ కదలదు. మధ్యలో ఉన్న బురద మైదానం రెండిటికీ చిక్కి ఏటేటా కుంచించుకుపోతుంది. అది చట్టం కాపాడే నేల. గోడల వల్ల ఒక చోట పోయినంత ఇంకో చోట తయారు చేసి ఇవ్వాలి. స్టర్ట్ అలా వచ్చిందే.

పూడిక సంగతికొస్తే, వరదల తర్వాత 2014లోనే ప్యారెట్, టోన్ నదుల్లో 8 కిలోమీటర్లు తవ్వారు. కానీ ప్యారెట్ దిగువలో ఒండ్రు కొండల నుంచి వచ్చేది తక్కువ, పోటుతో సముద్రం మోసుకొచ్చేదే ఎక్కువ. ఈ ఏడు తీస్తే మళ్ళీ చేరుతుంది. స్టర్ట్ పని ఆ వరదలకంటే ముందే మొదలైంది, బడ్జెట్ కూడా వేరు.

దివిసీమవాసి:
కట్టపని గారూ, మీరు చెప్పిందాంట్లోనే నా వాదన ఉంది. ఏవన్‌మత్ లాంటి చోట రేవు, ఫ్యాక్టరీలు ఉన్నాయి కాబట్టి గోడ కదలదు. దానికి బదులు ఇవ్వాల్సిన నేల మాత్రం పల్లెటూరి నుంచి. బ్రిడ్జ్‌వాటర్ పట్నానికి నది మీద టైడల్ బ్యారియర్, అంటే పోటును ఆపే గేటు, కడుతున్నారు, స్టర్ట్‌కి చిత్తడి ఇచ్చారు. ఇంజినీరింగ్ బాగుండొచ్చు, న్యాయం ఎక్కడుంది?

పిట్టలదొర:
ఎవరూ అక్కడ నిలబడి చూసినట్టు లేదు, కాబట్టి నేను చెప్తా 😄

పాటు వేళ వెళ్తే కనుచూపు మేర చాక్లెట్ రంగు బురద. దాని మీద షెల్‌డక్ బాతులు తల అటూ ఇటూ ఊపుతూ ముక్కుతో బురదని జల్లెడ పడుతుంటాయి. ఎండాకాలం చివర్లో ఈ బాతులు రెక్కల ఈకలు రాల్చుకుని కొన్నాళ్ళు ఎగరలేవు. ఆ రోజులు గడపడానికి బ్రిడ్జ్‌వాటర్ బే చేరతాయి, వేలల్లో. పోటు మొదలైతే పాయల్లోంచి నీళ్ళు చప్పుడు లేకుండా పాకుతూ వస్తాయి. ఒక చోట ఫొటో తీసి తల తిప్పేలోపు పక్క పాయ నిండిపోయి ఉంటుంది. గట్టున పచ్చగా శాంఫైర్ మొక్క, తుంచి నోట్లో వేసుకుంటే ఉప్పుగా పటపటలాడుతుంది.

నేల పూర్తిగా నీళ్ళపాలు అన్నది కూడా సరికాదు. ఆ చిత్తడి గడ్డి మీద పశువులు మేస్తున్నాయి. పక్కనున్న స్టోల్‌ఫర్డ్‌లో అయితే చెక్క బండి మీద పొట్ట ఆనించి, కాళ్ళతో తోసుకుంటూ బురద మీద జారుతూ వెళ్ళి వలల్లో రొయ్యలు తెచ్చే పద్ధతి ఉండేది. దాన్ని మడ్ హార్స్ అంటారు. అక్కడి వాళ్ళకి బురద అంటే పనికిరాని చోటేం కాదు.

దివిసీమవాసి:
దొరగారూ, బాతులకి స్థలం దొరికింది, సంతోషం. ఆ పొలంలో ముందు పండించిన వాడి లెక్క ఎవరు రాస్తారు?

లాపాయింటు:
ఇద్దరూ ఒకటి వదిలేస్తున్నారు. ఇంగ్లండ్‌లో సముద్రం నుంచి కాపాడటం ప్రభుత్వ బాధ్యత కాదు. ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీకి కట్ట కట్టే అధికారం ఉంది, కట్టి తీరాలన్న విధి లేదు. తీరం మొత్తాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కకి ఒక పాలసీ రాసుకున్నారు: గట్టు నిలబెట్టడం, ముందుకు జరపడం, పద్ధతిగా వెనక్కి జరపడం, అసలేమీ చేయకపోవడం. నాలుగో రకం రాసిపెట్టిన చోట ఇల్లు సముద్రంలో పడితే ఆ ఇంటి ఖరీదు నష్టపరిహారంగా రాదు. స్టర్ట్‌కి మూడోది దక్కింది. ఏమీ చేయని రకం ఊళ్ళతో పోలిస్తే అదృష్టమే.

న్యాయం అడగాల్సిన చోటు పాలెట్ హామ్స్. అదే ప్యారెట్ ఒడ్డున, స్టర్ట్‌కి దగ్గర్లోనే. ఇంకా కడుతున్న హింక్లీ పాయింట్ సీ అణువిద్యుత్ కేంద్రం నడవడం మొదలైతే చల్లబరచడానికి సముద్రపు నీళ్ళు లాగుతుంది, వాటితో చేపలూ పోతాయి. చేపల్ని శబ్దంతో తరిమే పరికరం పెట్టాలని షరతు ఉంది. కేంద్రం కడుతున్న ఈడీఎఫ్ కంపెనీ ఆ పరికరం బదులు పాలెట్ హామ్స్ మేత నేలను చిత్తడి చేస్తామంది. ఊళ్ళవాళ్ళు ఎదురు తిరిగారు, 2024లో కంపెనీ అక్కడ వెనక్కి తగ్గింది.

కట్టపని:
పాలెట్ విషయంలో ఊరివాళ్ళే కరెక్ట్. కంపెనీ షరతు తప్పించుకోవడానికి వేరేవాళ్ళ కట్ట తెంపడం వేరు, పోటుకి ఎదురు నిలవలేని కట్టని వెనక్కి జరపడం వేరు. స్టర్ట్‌ని ఆ గాటన కట్టొద్దు.

దివిసీమవాసి:
రెండు చోట్లా పోయేది ఎకరాలే కదండీ. కొత్త కట్ట ఎత్తు చాలని రోజు వస్తే ఏం చేస్తారు? ఇంకో వరస వెనక్కి జరుపుతారా? అప్పుడు ఆ రోడ్డు ఎటువైపు ఉంటుంది?

కట్టపని:
చిత్తడిలో పోటు పోటుకీ ఒండ్రు పడి నేల లేస్తోంది, అందుకే కట్ట మీద భారం తగ్గుతుంది. నేల లేచే వేగం సముద్రం పెరిగే వేగాన్ని అందుకున్నంత కాలం రోడ్డు ఇటువైపే. అందుకోకపోతే మీరడిగిన ప్రశ్న ఊరివాళ్ళు ఏజెన్సీని అడగాల్సిందే. అడిగినా కట్టి తీరాలన్న విధి లేదని లాపాయింటు గారు పైనే రాశారు.