ఉక్వా గారి భార్య పేరేంటని పిల్ల అడిగింది: తల్మూద్ కథల్లో ఎవరికీ పట్టని మనుషుల గురించి చెప్పండి

అరుగు బడి, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. నేను రిటైరైన తెలుగు టీచర్ని. మాది పర్లాకిమిడి. ఏరు దాటితే పాతపట్నం, ఆంధ్రా. ఇవతల మా పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. కానీ తెలుగు అక్షరం చాలామందికి రాదు. అందుకని ఆదివారం సాయంత్రాలు మా వీధి అరుగు మీద పది పన్నెండు మందిని కూర్చోబెట్టి ఒక కథ చెప్తాను. తర్వాత ఆ కథలోంచే నాలుగు వాక్యాలు రాయిస్తాను. కిందటేడు జాతక కథలు చెప్పాను. ఈ వానాకాలం తల్మూద్ కథలు మొదలుపెట్టాను.

తెలియని వాళ్లకోసం రెండు మాటలు. తల్మూద్ యూదుల ధర్మ చర్చల గ్రంథం. సుమారు 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా దానికి మూలం. దాని మీద పండితులు తరతరాలుగా వాదించుకున్నదంతా మిగతాది. బాబిలోన్‌లో తయారైన తల్మూద్ అచ్చులో 2,711 ఆకులు. చట్టం మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఒక కథలోకి వెళ్లిపోతారు. నాకు కావలసింది ఆ కథలే.

మొన్న మార్ ఉక్వా కథ చెప్పాను. ఆయన పెద్ద పండితుడు. ఇరుగున ఉన్న ఒక పేదవాడి గుమ్మం దగ్గర, తలుపు తిరిగే గుంటలో, రోజూ నాలుగు వెండి నాణేలు పడేసి వెళ్లేవాడు. ఎవరిస్తున్నారో చూడాలని ఒకరోజు ఆ పేదవాడు కాపు కాశాడు. ఆ రోజు ఉక్వాకి పాఠశాలలో ఆలస్యమైంది, భార్య కూడా ఆయనతో కలిసి వచ్చింది. తలుపు కదలడం చూసి పేదవాడు బయటికి వచ్చాడు. ఇచ్చినవాళ్ల ముఖం చూస్తే అతను సిగ్గుపడతాడని ఇద్దరూ పరిగెత్తి, అప్పుడే నిప్పులు ఊడ్చిన ఒక పెద్ద పొయ్యిలో దూరారు. ఉక్వా కాళ్లు కాలుతున్నాయి. "నీ కాళ్లు నా కాళ్ల మీద పెట్టు" అంది ఆవిడ. తన కాళ్లు కాలుతుంటే ఆవిడవి ఎందుకు కాలడం లేదని ఆయన మనసు చిన్నబుచ్చుకున్నాడు. అప్పుడావిడ అంది: "నేను ఇంట్లో ఉంటాను. నేను పెట్టేది వెంటనే నోట్లోకి పోతుంది." ఆయన ఇచ్చేది డబ్బు. దాన్ని పట్టుకుని బజారుకెళ్లి కొని వండుకుంటే గానీ కడుపు నిండదు. ఆవిడ పెట్టేది అన్నం.

కథ అయ్యాక నాలుగో తరగతి పిల్ల లేచింది. వాళ్లమ్మ మా వీధిలో నాలుగిళ్లలో అంట్లు తోముతుంది. "టీచర్, ఆయన పేరు చెప్పారు. ఆవిడ పేరేంటి?" అని అడిగింది.

పుస్తకంలో "అతని భార్య" అని మాత్రమే ఉంది. ఆ మాటే చెప్పాను. పిల్ల కూర్చుంది కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్ఫై ఏళ్ల నుంచి కథలు చెప్తున్నాను, ఈ ప్రశ్న నాకు నేను వేసుకోలేదు.

అందుకని అడుగుతున్నాను. పెద్ద రబ్బీల (యూదు ధర్మ గురువుల) పక్కన నిలబడిన మామూలు మనుషుల కథలు తల్మూద్‌లో ఇంకేమున్నాయి? పనివాళ్లు, ఆడవాళ్లు, పేరు లేనివాళ్లు. ఇంకో సంగతి. పేరు లేని మనిషికి పిల్లల కోసం నేను ఒక పేరు పెట్టొచ్చా?

కాంపౌండర్ గారబ్బాయి, రాయగడ

టీచరమ్మ గారూ, పేరున్నా ఎవరికీ అంతగా తెలియని ఒకాయన ఉన్నాడు. అబ్బా ఉమానా. ఉమానా అంటే పనివాడు అనుకోండి, ఇక్కడ ఒంట్లోంచి చెడు నెత్తురు తీసే వైద్యుడు. ఆ రోజుల్లో అదొక చిన్న వృత్తి, గౌరవం లేదు. కానీ పరలోకపు విద్యాపీఠం నుంచి ఆయనకు ప్రతిరోజూ పలకరింపు వచ్చేదట. అబయే అనే మహా పండితుడికి వారానికోసారి, శుక్రవారం పొద్దుగూకే వేళ వచ్చేది. రవా అనే ఇంకో మహా పండితుడికి ఏడాదికోసారి, యోమ్ కిప్పూర్ అనే ఉపవాస పండగకి ముందురోజు. అబయే బాధపడ్డాడు. "అతను చేసే పని నువ్వు చెయ్యలేవు" అని జవాబు వచ్చింది.

ఏం చేసేవాడంటే, మగవాళ్లకు ఒకచోట, ఆడవాళ్లకు ఒకచోట వైద్యం. ఆడవాళ్లకు ఒక బట్ట కప్పేవాడు, గాటు పెట్టాల్సిన చోటే దానికి చీలిక ఉండేది, మిగతా ఒళ్లు కనబడకూడదని. డబ్బులు చేతికి తీసుకునేవాడు కాదు. బయట మరుగున ఒక చోటు పెట్టాడు. ఉన్నవాడు అందులో వేస్తాడు, లేనివాడు వెయ్యడు, ఎవరు వేశారో ఎవరు వెయ్యలేదో తెలియదు. పేద విద్యార్థి వస్తే ఎదురు డబ్బిచ్చి "వెళ్లి ఒంట్లో బలం తెచ్చుకో" అనేవాడు.

అబయే ఇద్దరు శిష్యుల్ని పరీక్షకి పంపాడు. ఆయన అన్నం పెట్టి, రాత్రి పడుకోవడానికి మంచి పరుపు దుప్పట్లు పరిచాడు. పొద్దున్నే వాళ్లు అవి చుట్టుకుని బజారుకి పట్టుకుపోయారు. అక్కడ ఆయనే ఎదురైతే "వీటి వెల ఎంతుంటుంది?" అని అడిగారు. ఇంత అని చెప్పాడు. "ఎక్కువే ఉండదా?" అంటే "నేను కొన్నది అంతకే" అన్నాడు. చివరికి వాళ్లే అడిగారు, ఇవి నీవే కదా, మా గురించి ఏమనుకున్నావు అని. "బందీలుగా పట్టుబడిన వాళ్లని విడిపించడానికి మీకు డబ్బు కావలసొచ్చి, నన్ను అడగడానికి మొహమాటపడ్డారేమో అనుకున్నాను" అన్నాడు. తిరిగి తీసుకోమంటే తీసుకోలేదు. అనుకున్న క్షణమే అవి దానం కింద మనసులోంచి వదిలేశానన్నాడు.

ఈ కథ చదివినప్పుడు నాకు మా నాన్న గుర్తొస్తారు. ఒక డాక్టరు గారి దగ్గర కాంపౌండరుగా పనిచేసేవారు. తలుపు వెనక మేకుకి పాత పాలపొడి డబ్బా వేలాడదీశారు, మూతకి కన్నం. కొండ మీంచి దిగొచ్చిన వాళ్లు కొందరు ఊరికే చెయ్యి పెట్టి తీసేవారు, చిల్లర చప్పుడు వచ్చేది కాదు. నాన్న తల తిప్పేవారు కాదు. గాజు సిరంజి నీళ్లలో మరగబెడుతూ అటు తిరిగి నిలబడేవారు. అబ్బా ఉమానా కథ చదివాకే, ఆయన అటు ఎందుకు తిరిగేవారో నాకు అర్థమైంది. అప్పటికి నాన్న లేరు.

సిస్టరమ్మ, కోరాపుట్

పై తమ్ముడు అబయే పేరు ఎత్తాడు కాబట్టి ఆయన్ని పెంచినావిడ సంగతి నేను చెప్తాను. నాకు తల్మూద్‌లో అందరికంటే ఆవిడంటేనే ఇష్టం.

అబయే కడుపులో ఉండగానే తండ్రి పోయాడు, పుట్టగానే తల్లి పోయింది. ఒక దాది పెంచింది. ఆవిడకి పేరు లేదు, కానీ అబయే ఆవిడని "అమ్మ" అన్నాడు. అంత పెద్ద విద్యాపీఠానికి అధిపతి అయ్యాక కూడా సభలో "అమ్మ నాతో చెప్పింది" అంటూ మొదలుపెట్టి వైద్యం మాటలు చెప్పేవాడు. ఒకటీ రెండూ కాదు, చాలాచోట్ల వస్తుంది. పెద్ద పెద్ద రబ్బీల మాటలు ఏ వరసలో రాశారో ఆవిడ మాటలూ ఆ వరసలోనే రాశారు.

పుట్టిన పిల్ల ఊపిరి తియ్యకపోతే చేటలాంటి దానితో విసరమంది. పెదాలు చల్లబడి పాలు పట్టకపోతే నిప్పుల పాత్ర నోటికి దగ్గరగా పట్టి వెచ్చబరచమంది. పిల్లలు ఎదగాలంటే ముందు వేడినీళ్లు, నూనె అంది. కొంచెం పెరిగితే పులిసిన పాలతో చేసిన పచ్చడితో గుడ్డు. ఇంకొంచెం పెరిగితే పగలగొట్టుకోవడానికి కుండలు! రబ్బా అనే పండితుడు తన పిల్లలు పగలగొట్టుకోవడానికని బీటలు వారిన మట్టి పాత్రలు చవకగా కొనిపెట్టేవాడని కూడా అక్కడే ఉంది.

నేను లేబర్ రూమ్‌లో ఇరవై ఆరేళ్లు చేశాను. కొత్తలో ఒక ముసలి మంత్రసాని నాతో పాటు ఉండేది. చదువు లేదు. పిల్ల ఏడవకపోతే డాక్టరమ్మ వచ్చేలోపు ఒళ్లు పొడి బట్టతో గట్టిగా తుడిచి వెచ్చగా చుట్టాలని, పాదం తట్టాలని నాకు చేత్తో చూపించింది ఆవిడే. తర్వాత ట్రైనింగ్‌లో అదే మాట ఇంగ్లీషులో చెప్పారు. నేను కొత్త నర్సులకు నేర్పేటప్పుడు "మా మంత్రసానమ్మ చెప్పింది" అనే మొదలుపెట్టేదాన్ని.

పిల్లలకు చెప్పేటప్పుడు ఒకటి మాత్రం చెప్పండి టీచర్ గారూ. చేట, నిప్పులు సుమారు పదిహేడు వందల ఏళ్ల కిందటి మాట. ఇప్పుడు ఊపిరాడించే బ్యాగూ మాస్కూ ఉన్నాయి, ఆస్పత్రికే తీసుకెళ్లాలి.

వంశధార రైతు, గుణుపురం

పేరు పెట్టండి టీచర్ గారూ, తప్పేముంది. పిల్లలకి పేరుంటేనే మనిషి గుర్తుంటుంది.

నాకు తెలిసింది వాన కథ. అబ్బా హిల్కియా కూలికి మట్టి తవ్వుకునే మనిషి. కరువొచ్చి, వాన కోసం ప్రార్థించమని అడగడానికి పండితులు పొలానికొచ్చి దండం పెడితే తలెత్తలేదు. రోజు కూలికి ఒప్పుకున్నాను, మాటలతో పొద్దుపుచ్చితే యజమాని సొమ్ము తిన్నట్టే అన్నాడు తర్వాత. ఇంటికెళ్లి ఆయనా భార్యా మేడెక్కి చెరో మూల నిలబడి ప్రార్థించారు. మబ్బు ముందు ఆవిడ మూల నుంచే లేచింది. ఎందుకంటే, ఆవిడ పేదవాళ్లకి రొట్టె చేతికిస్తుంది. ఇంకో కారణం కూడా చెప్తారు. ఆ చుట్టుపక్కల దొంగలుండేవారు. వాళ్లు చచ్చిపోవాలని ఆయన కోరుకున్నాడు, మారాలని ఆవిడ కోరుకుంది. వాళ్లు మారారు.

ఈవిడకీ పేరు లేదు. చూడండి మరి.

పాత లైబ్రేరియన్, బరంపురం

రైతు గారితో నేను ఏకీభవించను, మన్నించాలి. లేని పేరు పెడితే మనం పూడ్చింది మన వెలితిని. ఆవిడది కాదు. పేరు రాయలేదన్న నిజం కూడా పిల్లలకి తెలియాలి. అది కూడా కథలో భాగమే.

పనిమనిషి కూతురు అడిగింది కాబట్టి ఆ పిల్లకి చెప్పాల్సిన కథ ఇంకొకటి ఉంది. మిష్నా కూర్చిన రబ్బీ యెహూదా హనాసీ ఇంటి పనిమనిషి. "రబ్బీ గారింటి పనిమనిషి" అన్నదే ఆవిడ పేరు. ఆవిడ కథలు ఒకచోట లేవు, తల్మూద్ నిండా అక్కడక్కడా పరుచుకుని ఉన్నాయి.

మొదటిది మాటల సంగతి. శాస్త్రంలో వచ్చే కొన్ని పాత మాటలకు పండితులకు అర్థం తెలియలేదు. ఎవరిని అడగాలో తెలియక వాదించుకుంటున్నారు. రబ్బీని చూడ్డానికి విడివిడిగా ఒక్కొక్కరూ వస్తుంటే "ఇలా ఎంతసేపు తెంపులు తెంపులుగా వస్తారు?" అని ఆవిడ విసుక్కుంది. వాళ్లకి అంతుపట్టని మాట అదే! ఒకాయన చేతిలోంచి ఆకుకూర చెల్లాచెదురుగా పడుతుంటే "నీ గంగపాయల కూర ఎంతసేపు చల్లుతావు?" అంది. ఇంకో తెలియని మాటకి అర్థం దొరికింది. యెషయా ప్రవక్త మాటల్లో నాశనం చేసే ఒక వస్తువు ఉంది, అదేమిటో తెలియదు. ఆవిడ ఇంకో పనమ్మాయితో "ఆ చీపురు తీసుకుని ఇల్లు ఊడు" అంటుంటే విన్నారు, అర్థమైంది. మన తెలుగు బైబిల్లోనూ ఆ చోట చీపురుకట్టే ఉంటుంది.

రెండోది ధైర్యం సంగతి. ఎదిగిన కొడుకుని ఒకడు కొడుతుంటే ఆవిడ చూసింది. వాడు తిరగబడితే పాపంలో పడతాడు, ఆ పాపంలోకి తోసేవాడు తండ్రే అని, ఆ తండ్రిని వెలివేస్తున్నానంది. పనిమనిషి మాట అని పండితులు కొట్టిపారెయ్యలేదు. ఆ వెలిని మూడేళ్లు పాటించారు.

మూడోది చెప్పడం కష్టం. రబ్బీ చివరి జబ్బులో ఉన్నాడు. పండితులందరూ ఉపవాసం ఉండి ఆపకుండా ప్రార్థిస్తున్నారు. ఆవిడ మేడెక్కి "పైవాళ్లు రబ్బీని పిలుస్తున్నారు, కిందివాళ్లు రబ్బీని కావాలంటున్నారు, కిందివాళ్లే గెలవాలి" అని ప్రార్థించింది. కానీ ఆయన మాటిమాటికీ మరుగుకు వెళ్లడం, వెళ్లినప్పుడల్లా చేతికీ నుదుటికీ కట్టుకున్న తెఫిల్లీన్ (శాస్త్ర వాక్యాలుండే చిన్న తోలు పెట్టెలు) విప్పడం, మళ్లీ కట్టుకోవడం, ఆ నొప్పి, అన్నీ దగ్గరుండి చూసింది ఆవిడే. అప్పుడు "పైవాళ్లే గెలవాలి" అంది. కింద ప్రార్థన ఆగడం లేదు. ఒక కుండ తీసి మేడ మీంచి నేలకేసి కొట్టింది. ఆ చప్పుడుకి ఒక్క క్షణం అందరూ ఆగారు. ఆ క్షణంలో ఆయన ప్రాణం పోయింది.

మా అమ్మ పదకొండు నెలలు మంచంలో ఉంది. మేము నలుగురం కొడుకులం, గుళ్లూ మొక్కులూ అని తిరిగేవాళ్లం. పక్కగుడ్డలు మార్చిన మనిషి ఒక్కతే. "బాబూ, ఇంక అమ్మని అడ్డుకోకండి" అని చివరికి ఆవిడే అంది. అప్పుడు నాకు కోపం వచ్చింది. అందుకే ఈ కథ ఎవరికి చెప్పినా గొంతు పట్టేస్తుంది.

అరుగు బడి, పర్లాకిమిడి

అందరికీ దండాలు. లైబ్రేరియన్ గారి మాటే ఖాయం చేసుకున్నాను. పేరు పెట్టను. ఆదివారం పనిమనిషి కథ చెప్పాను, మొదటి రెండు భాగాలే. మూడోది పిల్లలు పెద్దయ్యాక చెప్తాను.

చీపురు దగ్గరికొచ్చేసరికి మా ఊరి సంగతి కలిపి చెప్పాను. 1880లో ఇక్కడి రాజావారి స్కూల్లో టీచరుగా చేరిన గిడుగు రామమూర్తి గారు తెలుగొచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని సవర భాష నేర్చుకున్నారు. 1931లో దానికి వ్యాకరణం వచ్చింది. వాడుక తెలుగు కోసం పోరాడిందీ ఆయనే. చదువుకున్నవాళ్లకి తెలియని మాట ఎవరి నోట ఉంటుందో ఆయనకి తెలుసు.

ఆ తర్వాత పిల్లలకి ఒక పని పెట్టాను. ఇంట్లో ఎవరినైనా అడిగి, అరుగు మీద మిగతావాళ్లకి తెలియని ఒక తెలుగు మాట పట్టుకురావాలి. ఆ పిల్ల "అడ్డెడు" అని రాసుకొచ్చింది. అడ్డ అంటే ఎంతని అడిగితే లెక్కల్లో ముందుండే పిల్లాడు కూడా నోరు తెరవలేదు. వాళ్లమ్మ పని ముగించుకుని అటే వెళ్తూ ఆగింది. మా ఇంట్లో పాత ఇత్తడి తవ్వ ఉంటే తీసిచ్చాను. అరుగు మీదే బియ్యం కొలిచి చూపించింది. రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. పిల్లలు ఎనిమిది వరకూ గట్టిగా లెక్కపెట్టారు.

నోట్సులో మాట పక్కన అర్థం రాయించాను. అర్థం పక్కన, చెప్పిన మనిషి పేరు రాయించాను. ఆ పిల్ల వాళ్లమ్మ పేరు తెలుగులో రాయడం అదే మొదటిసారి. ఒత్తు దగ్గర రెండుసార్లు చెరిపి రాసింది.

వచ్చే ఆదివారం అబయే దాది కథ. సిస్టరమ్మ గారూ, పాత కుండలు నేను సిద్ధం చేస్తున్నాను, పిల్లలు పగలగొడతారు. ఆవిడ చెప్పిన ఇంకో రెండు మాటలు గుర్తుంటే గురువారంలోగా రాయండి.